బట్టల తీగగా మంజూరైన ఆంటెన్నా

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన రెండో వానాకాలం మొదట్లో, జూన్ నెలలో, నన్ను జనగామ సర్కిల్ ఆఫీసు నుంచి భూపాలపల్లి సబ్ డివిజన్‌కు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను వైర్‌లెస్ సూపర్‌వైజర్‌ని. రిటైరవడానికి ఇంకా మూడేళ్లు ఉంది. మా శాఖ పేరు ఇక్కడ రాయను. వాగులు, చెరువులు, నదుల నీటిమట్టం చూసి పై ఆఫీసుకు చెప్పడం మా పని అని తెలిస్తే చాలు. పేరు రాస్తే పింఛనేమీ ఆగదు గానీ, ఆ శాఖలో ఇంకా పనిచేస్తున్నవాళ్లు తమ పిల్లల పెళ్లిళ్లకు నన్ను పిలుస్తూ ఉంటారు.

మా శాఖలో మెట్లు ఇలా ఉండేవి. అన్నిటికంటే కింద భూపాలపల్లి సబ్ డివిజన్. దానికి డీఈ, అంటే డిప్యూటీ ఇంజినీరు. ఆ పైన మహబూబాబాద్ డివిజన్. ఆ పైన జనగామ సర్కిల్, దానికి ఎస్ఈ, అంటే సూపరింటెండింగ్ ఇంజినీరు. నీళ్లు పై నుంచి కిందికి వస్తాయి, కాగితాలు కింది నుంచి పైకి పోతాయి. రెండూ మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగుతాయి.

నన్నే ఎందుకు పంపారంటే, సర్కిల్ మొత్తంలో అమెచ్యూర్ రేడియో లైసెన్సు నా ఒక్కదాని దగ్గరే ఉంది. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసైన వాళ్లు సొంతంగా చిన్న రేడియో కేంద్రం పెట్టుకొని, తమలాంటి వాళ్లతో గాలిలో మాట్లాడుకోవడానికి ఇచ్చే అనుమతి అది. దీన్ని హామ్ రేడియో అంటారు. జనగామ ఆఫీసులో నన్ను చాటుగా ‘గాలి మేడం’ అనేవారు. అంతకు ముందు సంవత్సరం వానలకు అడవి మండలాల్లో సెల్‌ఫోన్లు మూగబోయాయి. దాంతో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది: ప్రతి సబ్ డివిజన్‌లో ‘ప్రత్యామ్నాయ వార్తా సౌకర్యం’ ఏర్పాటు చేయాలి. అందుకు కావలసిన రేడియో గురించి ఉత్తర్వులో ఒక్క ముక్క లేదు. గాలి మేడం దగ్గర సొంతది ఉందని అందరికీ తెలుసు కాబట్టి, ఆ సంగతి రాయనవసరం లేదనుకున్నారు.

భూపాలపల్లిలో మా డీఈ ప్రభాకర్ గారు. మర్యాదస్తుడు, సంతకం పెట్టేముందు కలం మూత రెండుసార్లు తీసి పెట్టే మనిషి. మొదటి రోజే ఆయనకు నిబంధన చెప్పాను. హామ్ రేడియోలో ఆఫీసు వ్యవహారాలు మాట్లాడకూడదు. వరదలాంటి ఆపద వచ్చినప్పుడు మాత్రం ప్రాణాలు కాపాడే కబుర్లు పంపవచ్చు. మిగతా రోజుల్లో వాతావరణం, ఆరోగ్యం, ఆంటెన్నాల గురించి మాట్లాడుకోవచ్చు.

ఆయన చాలాసేపు ఆలోచించారు. “అంటే వరద వచ్చేదాకా మీరు ఆఫీసులో కూర్చొని ముచ్చట్లు పెట్టాలా?” అని అడిగారు. అవునన్నాను. రోజూ మాట్లాడితేనే ఆపద రోజున దారి పనిచేస్తుందో లేదో తెలుస్తుందని కూడా చెప్పాను. ముచ్చట్లను ఏ పద్దు కింద చూపించాలో ఆయనకు ఆ రోజు తేలలేదు.

మా ఆఫీసు అద్దె భవనంలో ఉండేది. మాజీ సర్పంచ్ లక్ష్మారెడ్డి గారి ఇల్లు. కింద ఆయన, భార్య సుగుణమ్మ ఉండేవారు. మొదటి అంతస్తు మాది. ఆ పైన మిద్దె. రేడియోకు ప్రాణం ఆంటెన్నా కాబట్టి నేను ముందు మిద్దె ఎక్కి చూశాను. ఒక మూల నీళ్ల ట్యాంకు, ఒక మూల టీవీ గొడుగు, నడుమ సుగుణమ్మ ఆరబోసిన మిరపకాయలు, వాటి పక్కన పాత మంచం మీద చింతపండు. పిట్టగోడ వెంబడి తొమ్మిది మీటర్ల ఖాళీ దొరికింది.

మాకు కావలసింది నలభై మీటర్ల బ్యాండు. పగటిపూట వంద, రెండు వందల కిలోమీటర్ల లోపు మాట్లాడుకోవడానికి అనువైన తరంగం అది. దానికి తిన్నగా కట్టే మామూలు ఆంటెన్నా, డైపోల్ అంటారు, తరంగంలో సగం పొడవుండాలి. అంటే దాదాపు ఇరవై మీటర్ల తీగ. నా దగ్గర తొమ్మిది మీటర్ల చోటుంది. ఇలాంటప్పుడు చేసే ఉపాయం ఒకటుంది. తీగను రెండు రెక్కలుగా కట్టి, ఒక్కో రెక్క నడుమ తీగ చుట్టను పెడతాం. దాన్ని లోడింగ్ కాయిల్ అంటారు. లేని పొడవు ఉన్నట్టు రేడియోను నమ్మించడం దాని పని. మా శాఖలో చాలామంది ఇదే పని చేస్తూ ఉండేవారు కాబట్టి నాకు అది కొత్తగా అనిపించలేదు. మిగిలిన తీగ కొసలను గోడ వెంట కిందికి వేలాడదీయాలి. ఇలా కుదించినందుకు మూల్యం చెల్లించాలి. కొంత శక్తి వేడిగా పోతుంది, ఆంటెన్నా ఏమాత్రం కదిలినా, ఏదైనా తగిలినా శ్రుతి తప్పుతుంది.

ప్రభాకర్ గారికి రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఆంటెన్నా టౌనులోని సెల్ టవర్లంత ఎత్తున లేకపోతే ఆఫీసు పరువేం కాను అన్నది ఒకటి. మాకు కావలసింది దగ్గరి దూరం కాబట్టి తీగ కిందికే ఉండాలని, అప్పుడు తరంగం నిట్టనిలువుగా పైకి పోయి, ఆకాశంలో తగిలి, గొడుగు విప్పినట్టు చుట్టూ పడుతుందని చెప్పాను. కిందికి ఉండడమే మేలైన వస్తువు ఉంటుందని ఆయన తన సర్వీసులో మొదటిసారి విన్నారు. ఈశాన్యంలో బరువు ఉండకూడదన్నది రెండోది. ఈశాన్యంలో వచ్చేది చాయ్ గ్లాసంత కాయిల్. అయినా నైరుతిలో అంతకంటే పెద్ద కాయిల్ పెడితే దోషం పోతుందేమో చూడమన్నారు.

తర్వాత ఫైలు మొదలైంది. మా శాఖ రేట్ల పట్టికలో తీగ అనే పని లేదు. టవరు ఉంది. అందువల్ల గుమస్తా టవరు కింద అంచనా వేశాడు. ఫైలు మహబూబాబాద్ వెళ్లి, టవరు పునాదికి మట్టి పరీక్ష నివేదిక జతపరచలేదని తిరిగొచ్చింది. టవరు లేదు, పునాది లేదు, మిద్దె మీద తీగ మాత్రమే అని రాశాం. మిద్దె మీద మట్టి లేదని ధ్రువీకరించమన్నారు. ధ్రువీకరించాం. అప్పుడు జనగామ వాళ్లకు సందేహం వచ్చింది: మట్టే లేని చోట టవరు ఎలా నిలబడుతుంది?

ఈలోగా ఇంటి యజమాని అంగీకారం తీసుకోమన్నారు. లక్ష్మారెడ్డి గారు మంచి మనిషే, కుర్చీ వేయించి చాయ్ తెప్పించి మాట్లాడారు.

“టవర్ పెడితె కిరాయి వస్తది గద మేడం. మా బామ్మర్ది పొలంల కంపెనోళ్లు పెట్టిండ్రు. నెల కాంగనే పైసలు పడ్తయ్.”

ఇది టవరు కాదు, కిరాయి రాదు అన్నాను.

“గట్లనా. మరి రేడియేషన్ వస్తది గద. పిట్టలు సస్తయంటరు, మనుషులకు తలకాయ నొస్తదంటరు. ఎట్ల ఒప్పుకుంట జెప్పున్రి?” అన్నారాయన.

కిరాయి వచ్చే టవరుకు రేడియేషన్ ఉండదా అని నేను అడగలేదు. ప్రభుత్వ ఉద్యోగంలో కొన్ని ప్రశ్నలు నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోవడం నేర్చుకుంటాయి.

ఆషాఢం వచ్చింది. గోదావరి వైపు నల్లగా కమ్ముకుంటోంది. ఫైలు ఇంకా మట్టి దగ్గరే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం మిద్దె మీద కొలతలు చూసుకుంటుంటే సుగుణమ్మ చింతపండు తిరగేయడానికి వచ్చింది. అరవై దాటిన మనిషి, చేతికి గాజులతో పాటు తాళంచెవుల గుత్తి ఉండేది. నన్ను చాలా రోజులుగా చూస్తోంది.

“ఏంది బిడ్డా, రోజొచ్చి గోడ కొలుస్తున్నవ్? పిల్లనిస్తున్నవా గోడకు?”

విషయం చెప్పాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకొని విన్నది.

“గింత తీగకు గన్ని కాయితాలా? బట్టల తీగ కట్టుకుంటె ఎవలన్న అడుగుతరా? కట్టుకో. నా మిర్పకాయల మీద నీడ పడకుంట కట్టు. నా చీరెలు గూడ ఏస్త అప్పుడప్పుడు.”

ఆ మాట నేను ప్రభాకర్ గారికి యథాతథంగా చేరవేశాను. ఆయన కలం మూత తీశారు. కార్యాలయ పరిశుభ్రత పద్దు కింద ‘బట్టలు ఆరేయు తీగ, రాగి, ఒకటి’ కొనడానికి డీఈకి స్వయంగా అధికారం ఉంది. మహబూబాబాద్ అక్కర్లేదు, జనగామ అక్కర్లేదు, మట్టి అసలే అక్కర్లేదు. ఆ సాయంత్రానికే మంజూరైంది. లక్ష్మారెడ్డి గారికి రేడియేషన్ సంగతి మళ్లీ గుర్తు రాలేదు. బట్టల తీగకు కిరాయి అడగడం ఆయన స్థాయికి తగదు.

కాయిల్ తీగను బస్టాండు పక్కన మోటర్ వైండింగ్ షాపులో తెచ్చాను. బోరు పైపు ముక్కల మీద చుట్టాను. ఒక కొస ట్యాంకు స్టాండుకు, ఒక కొస వెదురు బొంగుకు కట్టాం. మా అటెండరు బానోతు రాములు బొంగు పట్టుకున్నాడు. ఆయనది పక్క మండలంలో తండా. సైకిల్ మీద ఎగుడు దిగుడు దార్లన్నీ తిరిగి వాగుల మట్టం చూసొచ్చేది కూడా ఆయనే. రేడియో నడిచేటప్పుడు తీగ కొసల్లో చేతిని కాల్చేంత విద్యుత్తు ఉంటుంది కాబట్టి, కొసలకు ప్లాస్టిక్ పైపు తొడిగాను. నేను మాట్లాడేటప్పుడు మెట్ల దగ్గర ఎర్ర గుడ్డ కడతానని, అప్పుడు తీగ ముట్టుకోవద్దని సుగుణమ్మకు చెప్పాను. “కరెంటోళ్లు చెప్పినట్టె చెప్తున్నవ్” అని ఒప్పుకుంది.

అవతలి కొసన నాకొక నమ్మకమైన మనిషి ఉన్నాడు. డోర్నకల్‌లో సామ్యూల్ గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, చర్చి వెనక వీధిలో చిన్న ఇంట్లో రేడియో పెట్టుకున్నారు. పొద్దున ఆఫీసు తెరవకముందు ఆయనను పిలిచాను.

“మీ మాట మంచిగ వినొస్తుంది మేడం గారు. పక్క కంపార్ట్‌మెంట్ల కూసొని మాట్లాడినట్టున్నది. ఓవర్.”

అప్పటి నుంచి రోజూ మాట్లాడుకున్నాం. ఆయన మోకాళ్లు, మా వానలు, ఇద్దరి ఆంటెన్నాలు. కొన్ని రోజులు మాత్రం మాట నడుమలోనే నా గొంతు పాతాళంలోకి పోయేది. రేడియో పక్కన ఎస్‌డబ్ల్యూఆర్ మీటరని ఒకటి ఉంటుంది. పంపిన శక్తిలో ఎంత ఆంటెన్నా మింగకుండా వెనక్కి కక్కిందో చెబుతుంది. ముల్లు ఎగిరిందంటే రేడియో తనను తాను కాపాడుకోవడానికి గొంతు తగ్గించుకుంటుంది. ముల్లు ఎగిరినప్పుడల్లా నేను మిద్దె ఎక్కేదాన్ని. ఎర్ర గుడ్డను లెక్కచేయక సుగుణమ్మ బట్టలు ఆరేసి ఉండేది. కొన్నాళ్లకు కిందనే కూర్చొని చెప్పగలిగాను: చీరైతే ముల్లు కొద్దిగా కదులుతుంది, తడి దుప్పటైతే సగం దాటుతుంది, బొంత అయితే సామ్యూల్ గారు కనిపించకుండా పోతారు.

జూలైలో ఎస్ఈ గారి తనిఖీ ప్రకటించారు. ప్రత్యామ్నాయ వార్తా సౌకర్యాన్ని స్వయంగా చూస్తారట. ప్రభాకర్ గారికి నిద్ర పట్టలేదు. రికార్డులో ఉన్నది బట్టల తీగ. పైకి వచ్చి చూసినప్పుడు దాని మీద బట్టలు లేకపోతే, బట్టల పేరుతో వేరే వస్తువు కొన్నారని మాట వస్తుంది. ఆఫీసుకు బట్టలేముంటాయి? పరదాలు ఉన్నాయి. ఆకుపచ్చవి, మందమైనవి, ఆఫీసు పెట్టిన నాటి నుంచి నీళ్లు చూడనివి. వాటిని తీగ మీద వేయమని రాములుకు ఆజ్ఞాపించారు. రాములు నిజాయితీపరుడు. ఉతకకుండా ఆరేస్తే అబద్ధమవుతుందని, పొద్దున్నే వాటిని బాది ఉతికి, నీళ్లు కారుతుండగా వరుసగా పరిచాడు.

తడి పరదాలుంటే రేడియో పనిచేయదని నేను చెప్పాను. “అవి లేకపోతే నేను పనిచేయను మేడం, సస్పెండవుతాను” అన్నారు ప్రభాకర్ గారు. ఆయన బాధ నిజమైనదే.

ఎస్ఈ గారు వచ్చారు. మిద్దె ఎక్కి పరదాలు చూశారు. ఒక పరదాను వేలితో తాకి, శుభ్రతను మెచ్చుకున్నారు. కిందికి వచ్చి రేడియో ముందు కూర్చున్నారు. నేను డోర్నకల్‌ను పిలిచాను. గరగర తప్ప ఏమీ రాలేదు. మళ్లీ పిలిచాను. ఎస్ఈ గారు గడియారం చూసుకున్నారు. తనిఖీ పుస్తకంలో ఆయన రాసిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి: బట్టలు ఆరేయు తీగ, తృప్తికరం. రేడియో, అసంతృప్తికరం.

ఆ మెప్పు వచ్చిన తర్వాత పరదాలు తీయడానికి ఎవరికీ ధైర్యం లేదు. తదుపరి ఉత్తర్వుల వరకు వాటిని తీగ మీదే ఉంచవలసిందని ప్రభాకర్ గారు రాతపూర్వకంగా ఇచ్చారు. ఆయన రాకముందే వాటిని పక్కకు జరిపి, సామ్యూల్ గారితో రెండు మాటలు మాట్లాడి, మళ్లీ పరిచేదాన్ని. సుగుణమ్మ రోజూ చూసి విసుక్కునేది. “గీ పర్దలు ఎప్పుడారుతయ్, ఎప్పుడు తీస్తరు? నీ ఆఫీసుల మనుషులు మంచిగనే ఉంటరా బిడ్డా?”

ఆగస్టులో ముసురు పట్టింది. విడవకుండా వాన. ఒకరోజు పొద్దున కరెంటు పోయింది, ఆ వెనకే ఫోన్లన్నీ పోయాయి. ప్రభాకర్ గారు వరద సన్నద్ధత మీద సమావేశానికి అంతకు ముందు రోజే జనగామ వెళ్లారు. ఆఫీసులో నేను, గుమస్తా ఉన్నాం. కింద సుగుణమ్మ కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెలు ఎక్కించింది. గార్ల నుంచి ఆమె చెల్లెలు యశోద, ఊళ్లోవాళ్లు ఒక బస్సు మాట్లాడుకొని కాళేశ్వరం పోతున్నారు. దారిలో అన్నానికి ఇక్కడ ఆగాలని ముందే అనుకున్నారు. ఫోన్లు పోకముందు యశోద చేసిన చివరి ఫోనులో, ములుగు దాటినమని, ముంగట పెద్దరోడ్డు మీద చెట్లు పడి బంద్ చేసిండ్రని, క్రాస్‌రోడ్డు కాడ పోలీసాయన అడవి తొవ్వల పొమ్మంటుండని చెప్పింది. బస్సు క్రాస్‌రోడ్డు చేరడానికి ఇంకా కొంత సమయం పడుతుంది, ముందు లారీలు ఆగి ఉన్నాయంది.

అదే సమయానికి రాములు తడిసి ముద్దై వచ్చాడు. అడవి దారిలో ఉన్న వాగు దగ్గర నుంచి నడిచి వచ్చాడు.

“కల్వర్టు కానొస్తలేదు మేడం. పైకెళ్లి పోతున్నయ్ నీళ్లు. సైకిల్ గాడనే ఇడిసిపెట్టిన. ఎవరన్న బండి దించితె దొరకరు.”

ఆ దారిలో వాహనాలను మళ్లించమని చెప్పే ముందు అధికారులు చూసేది మా శాఖ పంపే నీటిమట్టాల పట్టికనే. ఆ రోజు మా నుంచి ఏ అంకె పోలేదు, ఫోన్లు లేవు. గుమస్తాను అడిగాను, అంకె పోకపోతే జనగామలో ఆ గడిలో ఏం రాస్తారని. “నిన్నటిది వేస్తారు మేడం. గడి ఖాళీగా ఉంటే పై వాళ్లు ఒప్పుకోరు. అది ఆనవాయితీ” అన్నాడు. నిన్న ఆ వాగు మోకాలి లోతు.

రాములు మాట సుగుణమ్మ చెవిన పడింది. గరిటె చేతిలో పట్టుకొని మెట్ల కింద నిలబడింది. ఏడవలేదు. “నీ రేడియో పనిచేస్తదా?” అని మాత్రం అడిగింది.

బ్యాటరీ కావాలన్నాను. లక్ష్మారెడ్డి గారు మారు మాట్లాడకుండా ట్రాక్టరు బ్యాటరీ విప్పి, ఆ వయసులో, భుజాన పెట్టుకొని పైకి తెచ్చారు. రేడియో వెలిగింది. పిలిచాను. ముల్లు చివరికి ఎగిరి అక్కడే నిలబడింది. రోజుల తరబడి నానిన పరదాలు తీగను నేలకు వంచి ఉంటాయి.

మేం మిద్దె ఎక్కేసరికి గాలికి పరదాలు తీగకు చుట్టుకుపోయి ఉన్నాయి. ముడులు ఊడి రావడం లేదు. సుగుణమ్మ కొంగు నడుముకు దోపి, కత్తిపీటతో వాటిని బర్రున చీల్చింది. ఒకటి గాలికి లేచి పక్కింటి రేకుల మీద పడింది.

“ఉత్తర్వు ఉంది అమ్మా” అన్నాడు గుమస్తా మెట్ల మీద నుంచి.

“ఉత్తరువు నా పొయ్యిల పెట్టు” అంది ఆమె వెనక్కి తిరగకుండా.

నేను తీగ బిగించి, కొసలను గోడకు దూరంగా జరిపి, కిందికి పరుగెత్తాను. ముల్లు దిగింది. సామ్యూల్ గారు మొదటి పిలుపుకే పలికారు. ఆ పొద్దున నేను వినిపించనప్పటి నుంచి రేడియో ముందే కూర్చున్నానన్నారు.

ఆపద కబురుకు పద్ధతి ఉంటుంది. ఎవరి నుంచి, ఎవరికి, ఏమిటి, అన్నీ పొడి మాటల్లో చెప్పాలి. విన్నవాడు తిరిగి చదవాలి. చెప్పాను: అడవి దారిలో కల్వర్టు మునిగింది, క్రాస్‌రోడ్డు దగ్గర మళ్లింపు ఆపించాలి, గార్ల బస్సును దాటనివ్వద్దు. ఆయన అక్షరం పొల్లుపోకుండా తిరిగి చదివారు. డోర్నకల్‌లో ఫోన్లు ఉన్నాయి. జనగామకు ఫోన్ చేస్తానని ఆగమన్నారు.

కాసేపటికి తిరిగొచ్చిన ఆయన గొంతులో చిరాకు ఉంది. “డ్యూటీల ఉన్న ఇంజినీరు నమ్ముతలేడు మేడం గారు. భూపాలపల్లిల రేడియో లేదంటుండు. మీ డీఈ గారు గాడనే మీటింగుల ఉన్నరంట, పోయి అడిగొచ్చిండంట. మా తాన బట్టల తీగ తప్ప ఏం లేదని ఆయన చెప్పిండంట. ఓవర్.”

ప్రభాకర్ గారిని నేను తప్పు పట్టను. ఎస్ఈ గారు అధ్యక్షత వహిస్తున్న సమావేశంలో, ఎస్ఈ గారు స్వయంగా తృప్తికరమని రాసిన బట్టల తీగను ఆయన రేడియో అని ఎలా చెప్పగలరు?

ఏం చేద్దామని అడిగాను. సామ్యూల్ గారు, “నేను చూసుకుంట” అన్నారు.

ఆ రెండో ఫోను సంగతి ఆయన తర్వాత నాకు చెప్పారు. రైల్వేలో గార్డుగా ఉన్నప్పుడు, ఎవరికి కబురు ఇచ్చామో పేరు రాసుకోవడం అలవాటు. అదే చేశారు. “కబురు తీసుకోకుంటె తీసుకోకున్రి సారు. మీ పేరు, హోదా చెప్పున్రి. నేను గీ కబురు ఇచ్చిన, మీరు వద్దన్నరు అని టైము తోటి రాసుకుంట. రేపు ఎవరన్న అడిగితె చూపెట్టాలె గద” అన్నారట. అవతల కుర్చీ జరిగిన చప్పుడైందట. ఆ ఇంజినీరు తన పేరు చెప్పలేదు గానీ కబురు రాసుకున్నాడు. వెంటనే క్రాస్‌రోడ్డు పోలీసులకు చెబుతానన్నాడు.

మాకు ఇవేవీ తెలియవు. గరగర వింటూ కూర్చున్నాం. సుగుణమ్మ గది గుమ్మంలో, తడి చీరతో, గోడకు ఆనుకొని కూర్చుంది. లక్ష్మారెడ్డి గారు బ్యాటరీ పక్కనే నిలబడి, అది ఎక్కడికో పోతుందన్నట్టు దాని మీద చెయ్యి వేసి ఉంచారు. కింద అన్నం మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

చివరకు సామ్యూల్ గారు పలికారు. “బస్సు క్రాస్‌రోడ్డు కాడ ఆగింది మేడం గారు. మలుపు తిరిగినంక ఆపిండ్రంట, ఎనకకు మళ్లిచ్చిండ్రు. అందరు మంచిగున్నరు. పోలీసాయన చెప్పిండు. ఓవర్.”

నేను సుగుణమ్మ వైపు చూశాను. ఆమె రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

“తిన్నరా అడుగు” అంది.

అడిగాను. సామ్యూల్ గారు మళ్లీ ఫోన్ చేసి కనుక్కొని చెప్పారు. క్రాస్‌రోడ్డు దగ్గర ఫంక్షన్ హాల్లో పెళ్లి ఉంది, వానకు చుట్టాలు సగం మంది రాలేదు, బస్సులోవాళ్లను కూర్చోబెట్టి మటన్ పెట్టారు. యాత్రకు పోయేవాళ్లలో కొందరు ముట్టుకోలేదు, యశోద రెండుసార్లు వేయించుకుంది.

“కాళేశ్వరం పొయ్యేటప్పుడు మటన్ తిన్నదా?” అంది సుగుణమ్మ. ఆమె గొంతులోకి మామూలు కోపం తిరిగొచ్చింది. మాడకుండా మిగిలిన అన్నాన్ని ఆ సాయంత్రం బస్టాండులో ఆగిపోయిన లారీల వాళ్లకు పంపించింది.

నీళ్లు తగ్గిన తర్వాత రాములు తన సైకిల్ కోసం వెళ్లి వచ్చాడు. కల్వర్టు ఒక పక్క మొత్తం కొట్టుకుపోయిందని, సైకిల్ కట్టిన చెట్టు కూడా లేదని చెప్పాడు.

తర్వాత జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు క్లుప్తంగా రాస్తాను. సకాలంలో సమాచారం అందించి ప్రాణనష్టం నివారించినందుకు జనగామ సర్కిల్‌ను పై అధికారులు అభినందించారు. సర్కిల్ ఆ అభినందనను మహబూబాబాద్‌కు, మహబూబాబాద్ మాకు పంపింది. అదే కవరులో నాకు ఒక మెమో వచ్చింది. బట్టలు ఆరేయు తీగను మంజూరు కాని ప్రయోజనానికి వాడినందుకు, ఉత్తర్వులకు విరుద్ధంగా పరదాలు తొలగించినందుకు వివరణ ఇవ్వాలి. ప్రభాకర్ గారే నా తరఫున జవాబు రాసి, నాతో సంతకం పెట్టించారు. గాలి వేగానికి పరదాలు వాటంతటవే తొలగినవని, తడిసిన తీగ దగ్గర ఒక ప్రైవేటు రేడియో యాదృచ్ఛికంగా పనిచేసినదని అందులో ఉంది. సర్కిల్ దాన్ని ఆమోదించింది. సమావేశంలో తానన్న మాట గురించి ఆయన ఎన్నడూ ప్రస్తావించలేదు. మరుసటి వారం మాత్రం కొత్త పరదాలు కొన్నప్పుడు, వాటిని కిటికీలకే కట్టించారు.

ఆ శీతాకాలం నన్ను వెనక్కి పిలిచారు. తీగను విప్పుదామని వెళ్తే సుగుణమ్మ వద్దంది, తనకు అలవాటైందని. రేడియో మాత్రం తెచ్చుకున్నాను.

స్థలం తక్కువున్న కొత్త హామ్‌లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి కాయిల్‌కు ఎన్ని చుట్లు పెట్టాలని అడుగుతారు. అది పైపు లావును బట్టి ఉంటుంది, పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో లేనివి రెండు చెబుతాను. పొట్టి ఆంటెన్నాను అది చివరికి ఉండబోయే చోట, దాని చుట్టూ ఉండబోయే మనుషుల మధ్యే శ్రుతి చేయాలి. ఆపదలో మాట్లాడవలసిన మనిషితో ఆపద లేని రోజుల్లో రోజూ మాట్లాడాలి. ఆ పొద్దున నేను వినిపించలేదని సామ్యూల్ గారు రేడియో ముందు కూర్చొని ఉన్నారు గనుకనే మొదటి పిలుపుకు పలికారు.

మూడోది మా శాఖకు సంబంధించింది. ఆ తర్వాత జనగామలో నా చివరి రెండు వానాకాలాలు నీటిమట్టాల పట్టిక నా చేతి మీదుగానే పోయేది. అంకె అందని వాగు గడిని ఖాళీగా వదిలేయమని చెప్పాను. పైనుంచి రోజూ తిట్లు వచ్చేవి. తిట్టడానికైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఆ వాగు సంగతి ఏమైందని అడిగేవారు. నిన్నటి అంకె చూసి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.